మారిషస్ వెళ్ళేవారికి కొన్ని మాటలు



మారిషస్ దేశమునకు వెళ్ళదలచి, ఏ కాలములో వెళ్ళాలి, ఏమి తీసుకువెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతూ ఈ మధ్య మాకు ఉత్తరాలు వచ్చాయి. కొందరి పిల్లలు అక్కడ ఉద్యోగములలో ఉన్నారు. ఒక తల్లిగారు మాత్రం తన తాతగారి అన్న ఎప్పుడో ఆ దీవికి వెళ్ళి తిరిగి రాలేదని, ఆయన సంగతి తెలుసుకునే మార్గమేదైనా ఉందా అని రాశారు. మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఉద్యోగరీత్యా ఉన్నందున 2023 జులైలో మేము వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చాము. గనుక మేము చూచినవి, తెలుసుకున్నవి, పొరపాటుపడి నేర్చుకున్నవి కూడా దాచకుండా రాస్తున్నాము.

ముందుగా దేశం సంగతి. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికాకు తూర్పుగా, మడగాస్కర్‌కు అవతల ఉన్న చిన్న దీవి ఇది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. మన జిల్లాలలో చాలావాటికంటే చిన్నది. జనాభా పన్నెండున్నర లక్షలకు కొంచెం అటూ ఇటూ. 1968 మార్చి 12న స్వతంత్రమైనది, 1992లో అదే తేదీన రిపబ్లిక్ అయినది. ముంబయి నుండి విమానంలో సుమారు ఆరు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక నడుస్తుంది. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర అయితే అక్కడ ఎనిమిది. ఇంటికి ఫోన్ చేసేవారు ఇది మరువకూడదు. మేము మొదటి వారమంతా పొరుగువారిని నిద్రలోనుండి లేపాము.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అక్కడి కాలములు మనకు తారుమారుగా ఉంటాయి. మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నుండి అక్టోబరు వరకు చల్లగా, హాయిగా ఉంటుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు ఎండ, వాన, తుపానులు. "సముద్రపు దీవి కదా, ఉక్కపోతే కదా" అనుకొని మేము ఒక్క స్వెట్టరైనా పెట్టుకోలేదు. సముద్రతీరంలో పరవాలేదు గాని, దీవి నడిమి భాగం ఎత్తైన నేల. క్యూర్‌పైప్ అనే పట్టణం ఆ ఎత్తు మీద ఉంది. జులై నెలలో అక్కడ సన్నని వాన, ఈదురుగాలి. మా ఇంటావిడ అల్లుడిగారి కోటు వేసుకొని తిరగవలసి వచ్చింది. ఆ ఫోటో ఎవరికీ చూపించవద్దని మాకు కట్టడి. గనుక ఏ కాలంలో వెళ్ళినా ఒక వెచ్చని బట్ట, ఒక గొడుగు ఉండాలి.

వీసా విషయం. మన పాస్‌పోర్టు కలవారు చూడటానికి వెళ్ళేటప్పుడు ముందుగా వీసా కోసం తిరగనక్కరలేదు. అక్కడ దిగిన తరువాత విమానాశ్రయంలోనే ప్రవేశపు ముద్ర వేస్తారు, రుసుము లేదు. అయితే తిరుగు టిక్కెట్టు, బస చేసే చోటు కాగితం, ఖర్చులకు డబ్బు ఉన్నట్లు రుజువు చూపించాలి. బంధువుల ఇంట ఉండేవారు వారి చేత ఆహ్వానపు ఉత్తరం, వారి చిరునామా, వారి అనుమతి పత్రం నకలు తెప్పించుకొని చేతిసంచిలో పెట్టుకోవాలి. పెద్దపెట్టెలో పెడితే అవసరమైనప్పుడు దొరకదు. బయలుదేరకముందు కంప్యూటరులో నింపవలసిన ప్రయాణపు ఫారం ఒకటున్నది. ఇంట్లో చదువుకున్న పిల్లలచేత నింపించుకొని అచ్చు తీసి పెట్టుకోండి. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక టిక్కెట్టు కొనేముందు మారిషస్ ప్రభుత్వపు వెబ్‌సైటులో మరొకసారి చూడటం మేలు.

సామాను గురించి చెప్పవలసినది చాలా ఉంది. మన తల్లులు పిల్లల దగ్గరకు వెళ్ళేటప్పుడు పెరటిలో ఉన్నదంతా కట్టుకు వెళతారు. మా ఇంటావిడ కరివేపాకు, పచ్చిమిరపకాయలు, నాలుగు పచ్చి మామిడికాయలు, బీర విత్తనాలు మూటకట్టింది. అక్కడ మొక్కలు, విత్తనాలు, పచ్చి కాయలు, కూరలు అనుమతి పత్రం లేకుండా తీసుకురాకూడదు. ఆ దీవి పంటలకు బయటి తెగుళ్ళు సోకకూడదని ఈ జాగ్రత్త. మొదట మాకు కష్టం తోచింది గాని, చెరకు మీద ఇన్నేళ్ళు బ్రతికిన దేశము, ఒక్క పురుగు వస్తే ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పాలా? విమానంలో ఇచ్చిన కాగితంలో దాచకుండా రాశాము గనుక అవన్నీ అక్కడ వదిలిపెట్టటంతో సరిపోయింది. దాచి దొరికితే జరిమానా. కరివేపాకు అక్కడ బజారులోనే దొరుకుతుంది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె ముఖము చూడవలసినది.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బి.పి., షుగరు మందులు వాడేవారు ఉన్నన్ని రోజులకు సరిపడా, మందుల షాపు వారిచ్చిన పెట్టెలతోనే, డాక్టరుగారి చీటీతో తీసుకువెళ్ళాలి. విడిమాత్రలు కాగితంలో పొట్లం కట్టవద్దు. నిద్రమాత్రలు, మనసు నెమ్మదించే మాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వాడేవారు ముందుగానే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి. మన దగ్గర ఏ మందుల షాపులోనైనా అడిగితే ఇచ్చే మాత్ర అక్కడ నేరము కావచ్చును.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుచున్నాము. ఎవరైనా, ఎంత తెలిసినవారైనా, "ఈ చిన్న పొట్లం మావాడికి ఇచ్చేయండి" అంటే విప్పి చూడకుండా తీసుకోవద్దు. విప్పి చూచినా, కుట్టిన చెప్పులు, అంటించిన అట్టపెట్టెలు, పచ్చడి సీసాలు మొహమాటానికి పుచ్చుకోవద్దు. మాదకద్రవ్యాల విషయంలో ఆ దేశం చట్టం చాలా కఠినం, ఏళ్ళ తరబడి జైలు. మీ పెట్టెలో దొరికినది మీదే. "నాకు తెలియదు" అనే మాట విమానాశ్రయంలో నిలువదు. బంధువు కోపగించుకుంటే రెండు నెలలకు చల్లారుతుంది. ఈ-సిగరెట్లు కూడా ఆ దేశంలోకి తీసుకుపోరాదు.

డబ్బు సంగతి. వారిది కూడా రూపాయే. నోటు మీద ఇంగ్లీషుతోపాటు తమిళ, హిందీ లిపులు కనబడతాయి. చూడగానే మన డబ్బే అనిపిస్తుంది. అక్కడే మోసపోతాము, ఎవరో చేసే మోసం కాదు, మనకు మనమే చేసుకునేది. వారి రూపాయి విలువ మన రూపాయికి రెండింతలకు కాస్త తక్కువ. మేము బజారులో ఒక బల్లగుడ్డ ఆరువందలకు బేరమాడి, చవకగా కొన్నామని సంతోషించి, ఇంటికి వచ్చి లెక్క చూచుకొనేసరికి మన డబ్బులో వెయ్యి రూపాయలు దాటింది. గనుక ధర వినగానే మనసులో రెండింతలు చేసుకోండి. 2024 ఫిబ్రవరి 12 నుండి మన యు.పి.ఐ. చెల్లింపులు, రూపే కార్డు అక్కడ ప్రారంభమయ్యాయి. అయినా బస్సులోను, చిన్న దుకాణంలోను చిల్లర నోట్లే కావాలి. మన ప్లగ్గులు వారి గోడలో పట్టవు. మూడు పలక పుల్లల ప్లగ్గు వారిది. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

విమానాశ్రయం దీవికి ఆగ్నేయంగా ఉంది, రాజధాని పోర్ట్ లూయిస్ వాయవ్యంగా ఉంది. మధ్య దూరం సుమారు 45 కిలోమీటర్లు. టాక్సీ ఎక్కకముందే కిరాయి మాట్లాడుకోవాలి, మీటరు మీద ఆశ పెట్టుకోవద్దు. బస్సులు దీవి అంతా తిరుగుతాయి, చవక కూడా. కాని చీకటి పడిన తరువాత పల్లెలకు బస్సు ఉంటుందనుకొని బయలుదేరకూడదు. పోర్ట్ లూయిస్ నుండి మెట్రో రైలు ఒకటి వేశారు. 2020లో రోజ్ హిల్ దాకా, 2022లో క్యూర్‌పైప్ దాకా నడిచింది. పెద్దవారికి అది సుఖం. వాహనాలు మనవలెనే ఎడమవైపు నడుస్తాయి.

మాట గురించి భయపడనక్కరలేదు. ఆఫీసులలో ఇంగ్లీషు, పత్రికలలో ఫ్రెంచి, నోటిమాట మాత్రం క్రియోల్. "బొంజూర్" అని పలకరించి తరువాత అడగాలి. పలకరింపు లేకుండా నేరుగా ధర అడిగితే వారికి అమర్యాద. "కి మాన్యేర్?" అంటే ఎలా ఉన్నారు, "కొమ్యే?" అంటే ఎంత, "మెర్సి" అంటే కృతజ్ఞతలు. ఈ నాలుగు ముక్కలతో మా ఇంటావిడ బజారంతా తిరిగివచ్చింది.

తిండికి ఇబ్బంది లేదు. పప్పు కూరిన పలుచని రొట్టెను ధాల్ పూరీ అని వీధి బండ్లలో రెండేసి చొప్పున కూర, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. శనగపప్పు వడలవంటివి కూడా ఉన్నాయి, గాతో పిమా అంటారు, మన మసాలా వడకు చుట్టమే. ఆకుకూరను "బ్రెడ్" అంటారు. "బ్రెడ్ ముర్రుమ్" అంటే ఏమిటో అని చూస్తే మన మునగాకు! గొడ్డుమాంసం, పందిమాంసం తిననివారు ఎక్కడైనా అడిగి తినవచ్చు, అన్ని మతములవారు కలిసి ఉండే దేశం గనుక ఎవరూ తప్పు పట్టరు.

సముద్రము సంగతి నిదానంగా చదవండి, పిల్లలతో వెళ్ళేవారు మరీ ముఖ్యంగా. దీవి చుట్టూ చాలామేరకు పగడపు దిబ్బ గోడవలె ఉన్నది. పెద్ద అలలు ఆ గోడకు తగిలి అక్కడే విరిగిపోతాయి. ఇవతలి నీరు చెరువులాగా నిలకడగా, అడుగు కనబడేంత తేటగా ఉంటుంది. దానిని చూచి మన సముద్రమంటే భయపడేవారు కూడా దిగుతారు. రెండు ప్రమాదాలు. ఒకటి, ఆ గోడకు అక్కడక్కడ సందులున్నాయి. నీరు తీసేటప్పుడు ఆ సందుల వైపు గట్టి వడి ఉంటుంది, ఈతగాళ్ళను కూడా లాక్కుపోతుంది. దక్షిణపు ఒడ్డున గ్రీ-గ్రీ వంటి చోట గోడే లేదు. అక్కడ చూడటానికే గాని దిగటానికి కాదు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, స్థానికులెవరూ స్నానం చేయనిచోట మనము దిగకూడదు. రెండవది అడుగున ఉండేవి. నల్లని ముళ్ళబంతివంటి జీవులు, రాయిలాగే కనిపించే రాతిచేప. ఆ చేప ముల్లు విషం, నొప్పి భరించలేనిది. రబ్బరు చెప్పులు, వెనుక పట్టీ ఉన్నవి, వేసుకునే నీటిలో దిగాలి. కుట్టితే కాలిని తట్టుకోగలిగినంత వేడినీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా అల్లుడు చెప్పులు తెచ్చుకోమని రెండుసార్లు చెప్పినా మేము వినక, బ్లూ బే ఒడ్డున ముళ్ళబంతి మీద కాలు వేశాము. నాలుగు రోజులు మంచం మీద కూర్చొని అందరూ తిరిగివచ్చిన సంగతులు విన్నాము. అంబులెన్సుకు 114, పోలీసుకు 999. చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి.

తుపాను కాలంలో వెళ్ళవలసినవారికి మరి కొన్ని మాటలు. మన కోస్తావారికి 1977 దివిసీమ ఉప్పెన ఎలాగో, వారికి 1960లో వచ్చిన కారోల్ తుపాను అలాగు. దాని తరువాతనే రేకుల ఇళ్ళు పోయి కాంక్రీటు ఇళ్ళు ఎక్కువయ్యాయి. అక్కడ హెచ్చరికలు నాలుగు తరగతులు. మూడవ తరగతి ప్రకటించారంటే బస్సులు, దుకాణాలు, ఆఫీసులు మూతపడతాయి, ఎవరూ ఇల్లు కదలకూడదు. ఒకటవ తరగతి వినగానే మంచినీరు పట్టి, బ్రెడ్డు, కొవ్వొత్తులు, మందులు తెచ్చుకోవాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అయిపోయిందని బయటకు రావద్దు. అది తుపాను కన్ను, తరువాత గాలి ఎదురు దిక్కునుండి వస్తుంది. 2024 జనవరి 15న బెలాల్ తుపాను దీవి దాపుగా వెళ్ళినప్పుడు పోర్ట్ లూయిస్ వీధులలో వరద కార్లను కొట్టుకుపోయింది. ఆ రోజు సాయంత్రం వరకు అమ్మాయి ఫోను కలవక మేమిక్కడ పడిన ఆందోళన చెప్పలేము. వారు ఇంటిలోనే ఉన్నారు, క్షేమం. గాలి కంటే ముందు నీరే ముంచవచ్చునని, పల్లపు వీధిలో కారు నిలపకూడదని అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళగోరువారికి కష్టం లేదు. ఎక్కువమంది క్రైస్తవులు రోమన్ కాథలిక్కులు. ప్రొటెస్టెంటు సంఘములు చిన్నవి. 1814లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జాన్ లెబ్రన్ గారు బానిసల పిల్లలకు, పేదలకు బడులు పెట్టి పనిచేశారు. పోర్ట్ లూయిస్‌లో ఆంగ్లికన్ వారి సెయింట్ జేమ్స్ దేవాలయం ఫ్రెంచివారి కాలంలో తుపాకిమందు దాచిన గోదాము. ఆ గోడల మందం చూడవలసినదే. ఆరాధన ఏ భాషలోనో ముందుగా కనుక్కొని వెళ్ళండి.

అలాంటి ఒక ఆరాధన ముగిసిన తరువాత మెట్ల మీద ఒక యువకుడు మా మాటలు విని "తెలుగువారా?" అని పరుగున వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లె. కట్టడపు పని ఇప్పిస్తానని ఊరిలో ఒక మనిషి లక్షన్నర పుచ్చుకొని, చూడటానికి వచ్చినవాడిగా విమానం ఎక్కించాడు. ఇక్కడకు వచ్చాక పని లేదు, పాస్‌పోర్టు మరొకరి చేతిలో ఉన్నది. గడువు దాటిపోతున్నది. మా అల్లుడు అతనిని పోర్ట్ లూయిస్‌లోని మన హైకమిషన్ కార్యాలయానికి తీసుకువెళ్ళాడు. అతను ఇల్లు చేరాడు గాని ఆ లక్షన్నర అప్పు ఇంకా తీరలేదు, వాళ్ళ నాన్నగారు పాడి గేదెలను అమ్మారు. దయచేసి గ్రహించండి: చూడటానికిచ్చే ప్రవేశం మీద అక్కడ పని చేయరాదు. పనికి వెళ్ళేవారికి యజమాని ముందుగా అనుమతి పత్రం తెప్పించాలి. పంపే ఏజెంటుకు మన కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. దాని నకలు ఇంటి దగ్గర ఒకటి ఉంచాలి.

చూడదగిన చోట్లు అందరూ చెప్పేవే: పాంప్లమూస్ తోటలోని పళ్ళెములంత పెద్ద కలువాకులు, షామరెల్‌లోని రంగురంగుల మన్ను, ల మోర్న్ కొండ. మాకు అన్నిటికంటే మనసు నిలిచినది పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్. 1834లో మొదలై సుమారు అయిదు లక్షలమంది కూలీలు, అధికులు మన దేశస్థులే, ఒప్పందము మీద చెరకు తోటల పనికి వచ్చి ఈ రేవులో దిగారు. వారు ఎక్కిన పదహారు రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది. ఆదివారం పెట్టుకోవద్దు, ఆ వేళ రాజధాని అంతా నిర్మానుష్యం.

మనవారు ఎక్కువగా కోరంగి, విశాఖపట్నం వైపు రేవులనుండి ఓడ ఎక్కినందున అక్కడ తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. వారి సంతతి నేటికీ ఉన్నారు. బడులలో తెలుగు నేర్పుతారు, ఉగాది సెలవుదినం, మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. అయితే చాలామందికి తెలుగు మాటలాడటం రాదు. పేరు చూచి తెలుగులో పలకరిస్తే నవ్వి ఇంగ్లీషులో జవాబిస్తారు. చిన్నబుచ్చుకోవద్దు.

ఆ తల్లిగారు అడిగిన సంగతికి వద్దాము. మోకా అనే చోట మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రిజిస్టర్లు భద్రపరచి ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఓడ, వచ్చిన తేదీ రాసినవి. 1860ల తరువాత వచ్చినవారిలో అనేకుల ఫోటోలు కూడా ఉన్నాయి. చూడగోరువారు ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, వంశపు సంబంధం తెలుపగల కాగితాలు ఉంటే పని సులభము. మాకు కూడా మా సంఘములోని ఒక ముసలమ్మగారు "అప్పన్న, కోరంగి" అని చీటీ మీద రాయించి ఇచ్చారు. అక్కడివారు ఓపికగా విని చెప్పినదేమంటే, అప్పన్నలు లెక్కలేనంతమంది, ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసినందున ఒక్కొక్కరి పేరు ఒక్కొక్క తీరు. కోరంగి ఓడ ఎక్కిన రేవు, పుట్టిన ఊరు కాదు. ఊరి పేరు, తండ్రి పేరు, ఏ సంవత్సరమో కొంచెమైనా తెలియకపోతే వెతకలేము.

తిరిగి వచ్చి ఆమెకు ఆ మాటే చెప్పాము. ఆమె చాలాసేపు ఆలోచించి, తండ్రి పేరు సింహాద్రి అయి ఉండవచ్చునన్నారు. ఊరు తెలియదు. వాళ్ళ చిన్నాన్నగారి మనుమడు పాత భూమి కాగితాలు ఉన్న ట్రంకుపెట్టె తెరిపిస్తానన్నాడు. మీ ఇంటిలో కూడా అలా వెళ్ళినవారు ఎవరైనా ఉంటే, టిక్కెట్టు కొనకముందే పెద్దవారిని కూర్చోబెట్టి ఆ మూడు సంగతులు అడిగి రాసుకోండి.